కమిషనర్ వస్తున్నాడని ఊడ్చిన చేను

అది 2011. శంషాబాద్ బస్టాండు దగ్గర ఒక హార్డ్‌వేర్ దుకాణం మీద, ఇనుప మెట్లెక్కితే వచ్చే రెండు గదులే మా ఆఫీసు. లోపలి గదిలో మా సీనియర్ మూర్తి గారు, బయటి గదిలో జూనియర్ లాయర్ షబానా మేడమ్, ఆ పక్క టేబుల్ దగ్గర నేను. నన్ను చాలామంది టైపిస్టు అంటారు. నేను టైపిస్టును కాదు, వకీలు గుమస్తాను. కేసు ఫైల్ చెయ్యడం, నంబరు పడేదాకా కోర్టు సెక్షన్ చుట్టూ తిరగడం, వాయిదా తేదీలు రాసుకోవడం, క్లయింట్లకు ఫోన్ చేసి ఎప్పుడు రావాలో, ఏం తేవాలో చెప్పడం, ఇవన్నీ నా పనులు. టైపు చెయ్యడం అందులో చిన్న ముక్క. లాయరు కోర్టులో అరగంట మాట్లాడతాడు, దాని వెనక గుమస్తా పది రోజులు నడుస్తుంది. ఇది ఎవరూ ఒప్పుకోరు గానీ నేను మాత్రం ఎప్పుడూ చెబుతూనే ఉంటాను.

మూర్తి గారిది తెనాలి వైపు. ఊళ్ల నుంచి వచ్చిన మనుషులతో కూడా "దయచేసి కూర్చోండమ్మా" అనేవారు. ఆ మర్యాదకు వాళ్లు భయపడి ఇంకా బిగుసుకుని నిలబడేవాళ్లు. అప్పుడు నేను లేచి "కూసో పెద్దమ్మా, సారు మనోడే" అంటే కూర్చునేవాళ్లు. షబానా మేడమ్‌ది జల్‌పల్లి. పాత ఉర్దూ కాగితాలు గడగడా చదివేది. మా ముగ్గురితోనే ఆఫీసు నడిచేది. బోర్డు కూడా చిన్నదే, కింద దుకాణం వాళ్లు పైపులు ఆనిస్తే కనిపించేది కాదు.

యాదమ్మ ఆ ఏడాది వేసవి చివర్లో మెట్లెక్కి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. తుక్కుగూడ దాటి లోపలికి వెళ్తే ఆమె ఊరు. భర్త పోయాక ఎకరం ఆరు గుంటల చేనులో వంకాయ, టమాటా వేసుకుని, ఒక బర్రెను కట్టుకుని, ఆ కూరగాయలు శంషాబాద్ మార్కెట్లో అమ్ముకుని బతుకుతోంది. పక్కనున్న ఎనిమిది ఎకరాలు ఎవరో వెంచర్ వాళ్లు కొన్నారు. కొన్నది ఎనిమిది, వాళ్ల ప్లాట్ల మ్యాపు గీసింది తొమ్మిదికి పైన. ఒక రోజు పొద్దున ఆమె చేనుకు పోయేసరికి వంకాయ సాళ్ల మధ్య సున్నం కొట్టిన రాళ్లు పాతి ఉన్నాయి.

"నా చేన్ల రాళ్లేంది బిడ్డా, నేను సచ్చిపోయిననుకున్నరా" అంది నాతో. ఏడవలేదు. కోపంగా అడిగింది.

మేము ఇంజంక్షన్ దావా వేశాం. ఇంజంక్షన్ అంటే, ఈ మనిషి స్వాధీనంలో ఉన్న భూమిలోకి మీరు అడుగుపెట్టొద్దని ఎదుటివాళ్లకు కోర్టు చెప్పడం. ఇలాంటి దావాలో అన్నిటికన్నా ముందు తేలాల్సింది పొజిషన్. భూమి కాగితం మీద ఎవరిది అన్న ప్రశ్న తర్వాత, ఈ రోజు దాని మీద ఉన్నది ఎవరన్నది ముందు. యాదమ్మ దగ్గర భర్త పేరున పాత పాసుబుక్కు ఉంది. కానీ సాగు ఎవరు చేస్తున్నారో ఏటేటా రాసే పహాణీలో చివరి రెండేళ్లు ఆ గడి ఖాళీగా ఉంది. ఎవరి చెయ్యి తడిస్తే ఆ గడి ఖాళీ అయిందో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. కాబట్టి చేనులో ఆమె పంట, ఆమె కొట్టం, ఆమె పెంటకుప్ప, ఇవే మాకు సాక్ష్యం.

వెంచర్ వాళ్ల లాయరు కమిషనర్‌ను వేయమని అడిగాడు. కమిషనర్ అంటే పోలీసు కాదు. కోర్టు తన తరఫున ఒక లాయరును పొలానికి పంపి, కళ్లతో చూసింది రాసుకు రమ్మంటుంది. ఆయన రాసిన రిపోర్టు ఫైల్లో చేరుతుంది. ఆ మాట విని మూర్తి గారు సంతోషించారు. "వాళ్లంతట వాళ్లే మన సాక్ష్యం చూడ్డానికి మనిషిని పంపిస్తున్నారు" అన్నారు. తెలంగాణ ఉద్యమంతో ఆ ఏడాది సగం రోజులు బందులే, కోర్టు నడిచిన రోజే మాకు పండుగ. రెండు సార్లు వాయిదా పడి చివరికి ఒక మంగళవారం కుదిరింది.

యాదమ్మకు చెప్పడం నా పని. ఫోన్ చేశాను. "పెద్దమ్మా, మంగళవారం పది గంటలకు కోర్టు నుంచి కమిషనర్ సాబ్ వస్తుండు. పాసుబుక్కు దగ్గర పెట్టుకో. వెంచరోళ్ల రాళ్లు మాత్రం ముట్టకు, ముట్టినవంటే కేసు నీ మీదికే వస్తది. ఆయనతోని మర్యాదగ మాట్లాడు." ఇంతే చెప్పాను. రాళ్ల సంగతి రెండు సార్లు చెప్పాను. గొప్పగా చెప్పాననుకుని ఫోన్ పెట్టేశాను.

మంగళవారం షబానా మేడమ్, నేను తుక్కుగూడలో దిగి ఆటోలో చేనుకు వెళ్లాం. గట్టు దిగుతూనే ఆగిపోయాను.

చేను ఊడ్చి ఉంది. చేను మొత్తం, ఈ మూల నుంచి ఆ మూల దాకా. వంకాయ మొక్కలు నేలకు కోసేసి ఉన్నాయి. తాటాకుల కొట్టం లేదు. పెంటకుప్ప లేదు. బర్రె లేదు. నేల మీద పేడనీళ్లు చల్లి, చేనులోకి దారి ఉన్న చోట ముగ్గు వేసి ఉంది. టెంటు హౌసు నుంచి తెచ్చిన రెండు ప్లాస్టిక్ కుర్చీలు, వాటి ముందు స్టూలు మీద కూల్‌డ్రింక్ సీసా. వీటన్నిటి మధ్య చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నవి వెంచర్ వాళ్ల రాళ్లు. నేను ముట్టొద్దన్నాను కదా, ముట్టలేదు.

యాదమ్మ ఉతికిన చీర కట్టుకుని ఎదురొచ్చింది. ముఖంలో మెప్పు కోసం చూసే చూపు.

"ఇదేంది పెద్దమ్మా, చెట్లేవి, కొట్టమేది?" అన్నాను.

"గింత పెద్ద సారు వస్తుంటే పెంటకుప్ప మీదికెల్లి నడిపిస్తమా బిడ్డా? కొట్టం పాతదైంది, చిరిగి యాలాడుతుంది. గలీజుగ కనవడతదని తీసేసిన. వంకాయ చెట్లకు పురుగు పట్టింది, సూస్తె బాగుండదని కోసేసిన. రెండు దినాలు వట్టింది. మా మరిది గిట్ల వచ్చి ఆసరైండు." అంటూనే నా ముఖం చూసి ఆగిపోయింది.

నేను మైలార్‌దేవ్‌పల్లిలో కిరాయి గదుల్లో పెరిగాను. మా నాయిన కాటేదాన్ ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఇంటి ఓనరు వస్తున్నాడంటే మా అమ్మ కూడా గది కడిగి గడప మీద పసుపు రాసేది. నాకు తెలియదని ఎలా అనను? పెద్దవాళ్లు వస్తున్నారంటే మనవాళ్లు ముందు చీపురు పడతారు. కోర్టు మనిషికి ఉన్నది ఉన్నట్టు కనబడాలని, చిరిగిన కొట్టమే మనకు బలమని ఆమెకు చెప్పాల్సింది నేను. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారే, ఆ మందు వేసింది నేనే.

కమిషనర్ కుర్రవాడు, మంచివాడే. ఆయన వెనకే వెంచర్ లాయరు దిగాడు. చుట్టూ ఒకసారి చూసి నవ్వాడు. "చూడ్డానికి ఏముంది మేడమ్, మా హద్దురాళ్లు తప్ప? రాసుకోండి సార్, ఖాళీ స్థలం" అన్నాడు. కమిషనర్ పెన్ను తీశాడు. అప్పుడే విమానం ఒకటి కిందుగా వెళ్లింది, అది పోయేదాకా ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు. ఆ అర నిమిషంలో షబానా మేడమ్ నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో చెప్పింది. "సరళా, వర్క్ మెమో రాయ్. ఏడుపు తర్వాత."

వర్క్ మెమో అంటే, ఫలానా ఫలానావి చూసి రాయండని కమిషనర్‌కు పార్టీ ఇచ్చే కాగితం. మామూలుగా ఆఫీసులో టైపు చేసి తెస్తాం. మేము తెచ్చిన మెమోలో వంకాయ తోట, కొట్టం, బర్రె, పెంటకుప్ప ఉన్నాయి, అవేవీ ఇప్పుడు అక్కడ లేవు. ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తొడ మీద ఫైలు పెట్టుకుని కొత్తది రాశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. కానీ ఆకులైనా పట్టుకోకపోతే ఎలా?

"ఇది ఇక్కడికిక్కడ పుట్టించిన మెమో. మేము ఒప్పుకోం" అన్నాడు వెంచర్ లాయరు.

"ఇక్కడ చూసింది ఇక్కడే రాస్తారు సార్. మీరు మీ ఆఫీసులో కూర్చుని చూస్తారా?" అన్నాను. గుమస్తా అలా మాట్లాడకూడదు. మాట్లాడాను.

కమిషనర్ ఇద్దరినీ ఆపి, "రాసివ్వండి, ఉన్నవి నోట్ చేస్తాను. వాటికి విలువ ఎంతన్నది జడ్జి గారు చూసుకుంటారు" అన్నాడు.

యాదమ్మ చేతులతో మట్టి తోడింది. కొట్టం గుంజలు నిలబెట్టిన చోట ఆరు గుంతలు, పైన కొత్త మన్ను, అడుగున పుచ్చిపోయిన కర్ర మొదళ్లు. పెంటకుప్ప ఉన్న చోట జానెడు లోతు దాకా నల్లటి నేల. కోసిన మొక్కల మొదళ్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. నీళ్లు పారిన కాలువ గీత. కమిషనర్ అన్నీ ఫొటో తీసి రాసుకున్నాడు. కానీ తీసేసిన తాటాకులు, గుంజలు పక్కవాళ్ల చేనులో పడి ఉన్నాయంటే అటు మాత్రం రాలేదు. తనను కోర్టు చూడమన్నది ఈ ఎకరం ఆరు గుంటలే అన్నాడు. చివరికి రిపోర్టు రెండు వైపులా ఊగింది. తనిఖీ నాటికి పంట లేదు, కొట్టం లేదు, హద్దురాళ్లు ఉన్నాయి, కొత్తగా కోసిన మొదళ్లు, పూడ్చిన గుంతలు ఉన్నాయి.

సాయంత్రం మూర్తి గారు అంతా విని, "ఆమెకు ఏం చెప్పాలో ఎవరు చెప్పారు?" అని అడిగారు. నేనే అన్నాను. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "చెప్పాల్సింది చెప్పలేదు సరళా. తప్పు మనది, నష్టం ఆమెది. ఇది సర్దుకునేదాకా నువ్వూ నేనూ తలెత్తుకోవడానికి లేదు" అన్నారు. తిట్టి ఉంటే తేలికయ్యేది.

ఆ రిపోర్టు మీద మా అభ్యంతరాలు యాదమ్మ పేరున ప్రమాణపత్రంగా, అంటే అఫిడవిట్‌గా వేయాలి. నేను ఇంటికి వెళ్లినా అదే ఆలోచన. మర్నాడు ఎవరూ అడగకముందే టైపు చేసి పెట్టాను. అందులో, కమిషనర్ రావడానికి రెండు రోజుల ముందు వెంచర్ మనుషులు వచ్చి పంట నరికి, కొట్టం పీకేశారని రాశాను. అది అబద్ధమని నాకు తెలుసు. రాళ్లు పాతినవాళ్లు చెట్లు నరకరా, నా తప్పు వల్ల ఆమె పోగొట్టుకున్నది నా వేళ్లతోనే తిరిగి తెస్తాను, అని నాకు నేను చెప్పుకున్నాను. ఎలాగూ దొంగలే, వాళ్ల లెక్కలో ఇంకొక దొంగతనం రాస్తే ఏం పోయింది అనిపించింది.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. చదువు రాని క్లయింటు వేలిముద్ర వేసే ముందు ప్రతి మాటా చదివి, ఆమె మాటల్లో చెప్పాలి. మూర్తి గారు ఆఫీసు తెరిచిన రోజు నుంచీ ఉన్న నియమం. యాదమ్మ వచ్చి కూర్చుంది. షబానా మేడమ్ పక్కన నిలబడింది. నేను చదవడం మొదలుపెట్టాను. ఆ పేరా దగ్గరికి రాగానే వేగంగా చదివాను.

"ఆగు బిడ్డా. మల్ల చదువు" అంది యాదమ్మ.

మళ్లీ చదివాను.

"ఆళ్లు కొయ్యలె గద. నేను కోసిన."

"అది నాకు తెలుసు పెద్దమ్మా. గిట్ల రాస్తె నీ చేను నిలవడతది. లేకపోతే పోయేతట్టుంది."

స్టాంపు ప్యాడ్ మీద పెట్టబోయిన బొటనవేలు వెనక్కి తీసుకుని, చెయ్యి కొంగులో దాచుకుంది. "ఆళ్లు రాళ్లు వాతిన్రు, గది రాయి. నా చేతులతోని కోసుకున్నదాన్ని ఆళ్లు కోసిన్రని ఎట్ల ఏలుముద్ర ఏస్త? నా జాగ నాదని చెప్పనీకి నాకు అబద్దం ఎందుకు? గంత పరేషాన్ ఏముంది?"

సిగ్గుతో నా ముఖం మండిపోయింది. షబానా మేడమ్ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని అడ్డంగా చింపేసింది. తర్వాత ఇద్దరం కూర్చుని జరిగింది జరిగినట్టు రాశాం. కోర్టు అధికారి వస్తున్నాడని మర్యాద కోసం నేనే శుభ్రం చేశాను, ఆఫీసు వాళ్లు నాకు వద్దని చెప్పలేదు అని. ఆ రెండో వాక్యం నేనే చేర్చాను. మూర్తి గారు చదివి సంతకం పెట్టి, "ఇలాంటిది వేసే లాయరును నేనొక్కణ్ణే అనుకుంటాను" అన్నారు. నవ్వలేదు గానీ కోపం తగ్గింది.

కోర్టు స్టేటస్ కో ఇచ్చింది. కేసు తేలేదాకా ఉన్నది ఉన్నట్టే ఉంచాలి, ఎవరూ ఏమీ మార్చొద్దు అని. చెవికి న్యాయంగానే వినిపిస్తుంది. కానీ ఆ రోజుకి అక్కడ ఉన్నదేమిటి? ఊడ్చిన నేల, వాళ్ల రాళ్లు. తన చేనులో తాను ఒక్క మొక్క నాటకూడదు, ఒక్క గుంజ పాతకూడదు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. బర్రె మరిది ఇంటి దగ్గరే ఉంది. యాదమ్మ ఇంకొకరి చేన్లలో కూలికి పోయింది. ఇలా రెండేళ్లకు పైనే. ప్రతి వాయిదాకు వచ్చింది, కోర్టు నడిచినా నడవకపోయినా. నా మీద కోపం ఉందా అని ఒకసారి అడిగాను. "ఉన్నది" అంది. తర్వాత తన టిఫిను గిన్నె తెరిచి నాకూ పెట్టింది.

ఆ మధ్యలో ఒకతను ఆఫీసుకు వచ్చాడు. వెంచర్ వాళ్ల మనిషినని చెప్పలేదు, తెలిసినవాణ్ణని చెప్పాడు. "ఎట్లైన ఓడిపోయే కేసే గద మేడమ్. చేను ఆమెదే అయితే గంత నున్నగ ఎందుకుంటది? ముసలమ్మకు జర సమజ్ చెయ్యుండ్రి" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. "ఆమెకు పేరుంది, యాదమ్మ. ఆమెతోని చెప్పాల్సింది ఉంటే వాయిదా రోజు కోర్టుల, జడ్జి ముంగట చెప్పుండ్రి. మా మెట్లు ఇనుపయి, దిగేటప్పుడు పైలం" అన్నాను. దిగి వెళ్లిపోయాడు. మూర్తి గారు లోపలి గదిలోంచి అంతా విన్నారు.

2013 చివర్లో యాదమ్మ క్రాస్‌కు బోనెక్కింది. క్రాస్ అంటే ఎదుటి లాయరు సాక్షిని ప్రశ్నలతో తిప్పడం. ఆ పెద్దమనిషి మా అఫిడవిట్ చేతిలో పట్టుకుని సంతోషంగా మొదలుపెట్టాడు.

"మొక్కలు మీరే కోశారా?"

"నేనే కోసిన."

"కొట్టం మీరే తీసేశారా?"

"నేనే తీసిన."

"మా వాళ్లు మీ పంట ముట్టుకోలేదు కదా?"

"పంట ముట్టలె. రాళ్లు వాతిన్రు."

"సొంత పంట ఎవరైనా నరుక్కుంటారా? అక్కడ ఏమీ లేదు కాబట్టే ఊడ్చినట్టుంది. అంతేనా?"

అక్కడ ఆపి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆపలేదు. గెలిచే మనిషికి ఇంకొక ప్రశ్న అడగాలనిపిస్తుంది. "మరెందుకు ఊడ్చారు, చెప్పండి" అన్నాడు.

యాదమ్మ ఆయన వైపు కాదు, జడ్జి గారి వైపు తిరిగింది.

"కమిషనర్ సాబ్ వస్తుండని నాకూ తెలుసు, ఈ సార్లకూ తెలుసు. ఆళ్లల్ల ఒక్కలన్న చీపురు వట్టిన్రా సారూ? పరాయి జాగ ఎవలు ఊడుస్తరు? నా చేను గాబట్టి, వచ్చెటోళ్ల ముంగట నాకు ఇజ్జత్ గాబట్టి ఊడ్చిన. ఆళ్లదైతే ఆళ్లే ఊడుస్తుండె."

జడ్జి గారు స్టెనో వైపు చూసి, ఆ జవాబు ఆమె చెప్పినట్టే తీసుకోమన్నారు. వెంచర్ లాయరు ఇక ప్రశ్నలు లేవన్నాడు. నేను వెనక బెంచీ మీద ఉన్నాను. గుమస్తా కోర్టులో ఏడవకూడదు. ఏడ్చాను, దాచుకోలేదు కూడా.

2014లో తీర్పు వచ్చింది. ఆ ఎకరం ఆరు గుంటల్లోకి వెంచర్ వాళ్లు అడుగుపెట్టడానికి వీల్లేదని డిక్రీ. తీర్పులో పూడ్చిన గుంతలు, నల్లటి నేల, పచ్చి మొదళ్లు అన్నీ వచ్చాయి. సాక్షి తనకు నష్టమైన నిజం తానే చెప్పింది కాబట్టి ఆమె మిగతా మాటలు నమ్మదగ్గవి అని రాశారు. నేను టైపు చేసిన ఆ మొదటి కాగితం మీద వేలిముద్ర పడి ఉంటే ఆ వాక్యం ఉండేది కాదు. కమిషనర్ చూసిన ముగ్గే మమ్మల్ని పట్టిచ్చేది, కేసూ పోయేది, యాదమ్మ అబద్ధాలకోరు అయ్యేది.

అప్పటి నుంచి కమిషనర్ వస్తున్నాడంటే నేను క్లయింటుకు చెప్పడం తగ్గించి అడగడం నేర్చుకున్నాను. ఆయన వచ్చే ముందు రోజు నువ్వేం చేస్తావు, అని. ఒకాయన గోడకు సున్నం వేయిస్తానన్నాడు, ఒకామె ఇంటి ముందు బట్టలు ఆరేసే తీగ విప్పేస్తానంది. వద్దు, ఉన్నది ఉన్నట్టు ఉండనీ, అని ఇప్పుడు ముందే చెబుతాను. అది పనికి సంబంధించిన పాఠం, ఏ గుమస్తా అయినా దెబ్బ తిన్నాక నేర్చుకుంటుంది.

రెండోది చెప్పడం కష్టం. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఏమీ తెలియదు, కోర్టులో ఎలా నెగ్గాలో మనం చూపించాలి అని లాయర్లు అంటారు, గుమస్తాలూ అంటారు, నేనూ అన్నాను. అన్నాను కాబట్టే చెబుతున్నాను, ఆ మాట నా ముందు ఇప్పుడు ఎవరన్నా అంటే ఊరుకోను. మొన్న మా ఆఫీసులో చేరిన కొత్త జూనియర్, వేలిముద్రకు ముందు ఇంత చదవడం దేనికి మేడమ్, వాళ్లకు అర్థమవుతుందా, టైము పోవడం తప్ప అంది.

"చదువు" అన్నాను. "నిదానంగా చదువు. మధ్యలో ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంటే, నువ్వేం తప్పు రాశావో వెతుక్కో."